పైరులోని నీటిని ఆకాశం నుంచి తూచడం ఎలా?

పచ్చగా ఎదుగుతున్న పైరు బరువులో నూటికి 70 నుంచి 85 పాళ్లు నీరే. మొక్కను కోసి తూచి, ఆరబెట్టి మళ్లీ తూస్తే ఆ లెక్క తేలిపోతుంది. అయితే ఆ తూకం కోసిన ఆ చదరపు మీటరుకే చెల్లుతుంది. వేల ఎకరాల సంగతి వారం వారం తెలియాలంటే ఉపగ్రహాన్ని ఆశ్రయించక తప్పదు. చిక్కేమిటంటే, ఉపగ్రహం నుంచి తయారయ్యే రంగుల పటాన్ని చాలామంది తప్పుగా చదువుతున్నారు. నీలంగా ఉన్న చోట పైరుకు తడి చాలిందని, ఎర్రగా ఉన్న చోట నీరు పెట్టాలని అనుకుంటారు. నిజానికి ఆ పటం చెప్పేది వేరు. చదరపు మీటరు నేల మీద నిలబడ్డ మొక్కల ఒంట్లో మొత్తం ఎంత నీరుందో అది చెబుతుంది. మొక్కకు దాహంగా ఉందా లేదా అన్నది మరో ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేస్తే ఎంత మంచి డేటా అయినా తప్పుదారి పట్టిస్తుంది.

ముందు ఏం కొలుస్తున్నామో తేల్చుకోవాలి

ఒక్క ఆకుతో మొదలుపెడదాం. ఆకు వైశాల్యం 25 చదరపు సెంటీమీటర్లు, పచ్చి బరువు 0.48 గ్రాములు, ఓవెన్‌లో ఆరబెట్టాక 0.13 గ్రాములు అనుకుందాం. పోయిన 0.35 గ్రాములూ నీరే. దాన్ని వైశాల్యంతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 0.014 గ్రాములు వస్తుంది. ఆకులోని నీటినంతా పలుచటి పొరగా పరిస్తే 0.14 మిల్లీమీటర్ల మందం ఉంటుందన్నమాట. పరిశోధకులు ఈడబ్ల్యూటీ అనేది దీన్నే. అదే నీటిని ఎండు బరువుతో భాగిస్తే దాదాపు 270 శాతం వస్తుంది. అడవి మంటల ముప్పు అంచనా వేసేవాళ్లు ఎక్కువగా వాడేది ఈ కొలత. ఇక ఆకును నీళ్లలో నానబెట్టి, తాగగలిగినంతా తాగాక తూస్తే 0.52 గ్రాములు తూగిందనుకోండి. అంటే ఆకు పట్టగలిగేది 0.39 గ్రాములు, ఉన్నది 0.35. సుమారు 90 శాతం. ఇది సాపేక్ష నీటి శాతం. మొక్క దాహాన్ని చెప్పేది ఈ మూడో కొలతే.

ఉపగ్రహం మాత్రం ఒక్కో ఆకును చూడదు, ఆకుల దొంతరనంతా కలిపి చూస్తుంది. చదరపు మీటరు నేల మీద ఎన్ని చదరపు మీటర్ల ఆకు ఉందో చెప్పే ఎల్‌ఏఐ 3 అయితే, మన ఆకు లెక్కన ఆ పైరు ఆకుల్లో చదరపు మీటరుకు 420 గ్రాముల నీరుంటుంది. కాండాలు, కంకులు కూడా కలిపితే వచ్చే మొత్తాన్ని వీడబ్ల్యూసీ అంటారు, కిలోల్లో చెబుతారు. నిండుగా ఎదిగిన మొక్కజొన్నలో ఇది చదరపు మీటరుకు 4, 5 కిలోల దాకా వెళ్తుంది. సోయాబీన్‌లో అందులో చిన్న భాగమే ఉంటుంది.

ఇప్పుడు పైరు బెట్టకొచ్చి సాపేక్ష నీటి శాతం 90 నుంచి 80కి పడిపోయిందనుకుందాం. చాలా పంటలకు అది ఎద్దడి కిందే లెక్క. ఎల్‌ఏఐ 3 దగ్గర 420 గ్రాములు కాస్తా 374 అవుతుంది. పక్కనే ఏ ఎద్దడీ లేని చేను ఉంది. కాకపోతే అక్కడ మొక్కలు కాస్త పలచన, ఎల్‌ఏఐ 2.7. అక్కడి నీరు 378 గ్రాములు. పటంలో రెండు చేలకూ ఒకటే రంగు పడుతుంది. ఒకటి దాహంతో ఉంది, మరొకటి నిక్షేపంగా ఉంది.

మరి దాహాన్ని పట్టాలంటే? ఆకు ఉష్ణోగ్రత చూడాలి. మొక్కజొన్న లాంటి పంటలు ఆకులో నీరు బాగా తగ్గేదాకా ఆగవు, ముందే పత్రరంధ్రాలు మూసేసుకుంటాయి. బాష్పోత్సేకం తగ్గి ఆకు వేడెక్కుతుంది. కనుక థర్మల్ చిత్రంలో ఎద్దడి ముందుగా బయటపడుతుంది. ల్యాండ్‌శాట్ 8, 9 థర్మల్ సెన్సర్ 100 మీటర్ల పిక్సెల్‌తో, 2018 నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీదున్న ఎకోస్ట్రెస్ సుమారు 70 మీటర్ల పిక్సెల్‌తో ఆ పని చేస్తున్నాయి. నీటి పరిమాణం పటం పనికొచ్చే చోట్లు వేరు: పైరు ఎదుగుదల లెక్క, కోతకు ముందు ఎండుదల, మైక్రోవేవ్ పద్ధతిలో నేల తేమ కొలిచేటప్పుడు పైరు అడ్డును తీసేయడం. తడి ఎప్పుడు పెట్టాలో నిర్ణయించడానికి దాన్నొక్కదాన్నే నమ్ముకోవడం సరికాదు.

కాంతి పద్ధతి: నీరు మింగే రంగులు

ఆకులోని నీరు 970, 1200, 1450, 1940 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. మొదటి రెండు చోట్ల కొద్దిగా, చివరి రెండు చోట్ల గట్టిగా. అంత గట్టిగా పీల్చే 1450, 1940లనే వాడొచ్చు కదా అనిపిస్తుంది. కానీ గాలిలోని నీటి ఆవిరి కూడా సరిగ్గా ఆ చుట్టుపక్కలే కాంతిని మింగేస్తుంది. ఆ రంగుల్లో నేల నుంచి బయల్దేరిన సంకేతం ఉపగ్రహం దాకా చేరదు. అందుకే సెన్సర్లను ఆ లోయల అంచుల్లో, గాలి అడ్డుపడని చోట పెడతారు. 1240, 1610, 2190 నానోమీటర్ల బ్యాండ్లు, అంటే సెన్సర్ చూసే ఇరుకైన కాంతి పట్టీలు, అలా వచ్చినవే. 2190 దగ్గర నీటితో పాటు సెల్యులోజ్, లిగ్నిన్ లాంటి ఎండు పదార్థాలు కూడా కాంతిని పీలుస్తాయి. అందుకే పైర్ల విషయంలో 1610కే మొగ్గు చూపడం మేలు.

ఒక్క 1610 చాలదు. ఎండ కోణం, ఆకుల అమరిక మారితే దాని విలువ మారిపోతుంది. దానికి తోడుగా నీటి ప్రభావం పెద్దగా లేని 865 నానోమీటర్ల నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను తీసుకుంటారు. 865 విలువలోంచి 1610 విలువను తీసేసి, రెండింటి మొత్తంతో భాగిస్తే ఎన్‌డీఎంఐ అనే సూచిక వస్తుంది. పైరులో నీరు పెరిగితే ఇదీ పెరుగుతుంది. దీన్నే కొందరు ఎన్‌డీఐఐ అని, వరి మీద పనిచేసేవాళ్లు ఎల్‌ఎస్‌డబ్ల్యూఐ అని అంటారు. ఎన్‌డీడబ్ల్యూఐ అనే పేరు దగ్గర జాగ్రత్తగా ఉండాలి. 1996లో గావ్ అనే పరిశోధకుడు 860, 1240 బ్యాండ్లతో మొక్కల్లోని నీటికి ఆ పేరు పెట్టాడు. అదే ఏడాది మెక్‌ఫీటర్స్ అనే మరో పరిశోధకుడు ఆకుపచ్చ, నియర్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండ్లతో చెరువులు, నదులు గుర్తించడానికి అదే పేరు పెట్టాడు. ఆ రెండో దాన్ని పైరు మీద వాడితే అది కొలిచేది పైరులోని నీటిని కాదు. సాఫ్ట్‌వేర్ మెనూలో పేరు చూసి నొక్కేయకుండా, లోపలి బ్యాండ్లేమిటో చూసుకోవాలి.

చేను స్థాయిలో నేటికి అందరికీ అందుబాటులో ఉన్న మంచి సాధనం యూరప్ వారి సెంటినెల్-2. రెండు ఉపగ్రహాలు కలిసి 5 రోజులకోసారి ఒకే చోటికి వస్తాయి. వాడాల్సినవి బీ8ఏ (865), బీ11 (1610) బ్యాండ్లు. రెండూ 20 మీటర్లవే. 10 మీటర్లు దొరుకుతోంది కదా అని బీ8ని, సాగదీసిన బీ11ను జతచేస్తే పటం పదునుగా కనిపిస్తుంది గానీ నీటి సమాచారం 20 మీటర్ల స్థాయిలోనే ఉండిపోతుంది. పైగా గట్ల వెంట లేనిపోని గీతలు పుట్టుకొస్తాయి. ల్యాండ్‌శాట్ 8, 9 కలిపి 8 రోజులకోసారి 30 మీటర్లతో వస్తాయి. మోడిస్ అనే నాసా సెన్సర్ దాదాపు రోజూ వస్తుంది, 1240 బ్యాండ్ కూడా ఉంది, కానీ పిక్సెల్ 500 మీటర్లు. చిన్న చిన్న కమతాల మీద దాంతో చేసేదేమీ లేదు.

లెక్క కట్టేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. సెంటినెల్-2 ఎల్2ఏ ఫైళ్లలోని, అంటే గాలి ప్రభావం తీసేసి ఇచ్చే ఫైళ్లలోని, అంకెను 10,000తో భాగిస్తే పరావర్తనం వస్తుందన్నది పాత సూత్రం. 2022 జనవరి 25న వచ్చిన 04.00 ప్రాసెసింగ్ నుంచి ముందు 1000 తీసేసి, ఆ తర్వాత భాగించాలి. బీ8ఏలో 4200, బీ11లో 2800 ఉన్నాయనుకోండి. సరైన పద్ధతిలో 0.32, 0.18 వస్తాయి. ఎన్‌డీఎంఐ 0.28. వెయ్యి తీయడం మరిచిపోతే 0.42, 0.28 వచ్చి ఎన్‌డీఎంఐ 0.20కి పడిపోతుంది. 2021 చిత్రాన్ని 2022 చిత్రంతో పోల్చి, ఏడాదిలో పైరు ఎండిపోయిందని తేల్చేయడానికి ఈ ఒక్క తప్పు చాలు. గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో హార్మోనైజ్డ్ అని ఉన్న సేకరణ వాడితే ఈ సవరణ ముందే అయి ఉంటుంది. అక్కడ మళ్లీ వెయ్యి తీస్తే అదింకో తప్పు.

మబ్బుల సంగతి కూడా చూడాలి. ఎల్2ఏతో వచ్చే, ఒక్కో పిక్సెల్ ఏమిటో అంకెతో చెప్పే ఎస్‌సీఎల్ పొరలో 3 మబ్బు నీడ, 8, 9 మబ్బు, 10 పలుచటి మబ్బు. వీటిని తీసేయడంతో ఆగకూడదు. మబ్బు అంచుల చుట్టూ మరికొన్ని పిక్సెళ్ల మేర కూడా తీసేయాలి. నీడను వదిలేస్తే జరిగే నష్టం కంటికి తెలియదు. నీడలో పడే చెదిరిన కాంతిలో స్విర్, అంటే 1610 లాంటి షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్, మరీ తక్కువగా ఉంటుంది. దాంతో నిష్పత్తి పెరిగి, అక్కడి పైరులో నీరు ఎక్కువున్నట్లు కనిపిస్తుంది.

వరి దగ్గర ఈ పద్ధతి పూర్తిగా తలకిందులవుతుంది. దమ్ము చేసి నీరు కట్టిన మడిలో నాట్లు పడిన కొత్తల్లో మొక్క సన్నగా ఉంటుంది, చుట్టూ నీళ్లే. నీరు స్విర్‌ను దాదాపు మొత్తం మింగేస్తుంది కాబట్టి ఎల్‌ఎస్‌డబ్ల్యూఐ ఎగబాకుతుంది. ఆ విలువను పైరులోని నీరుగా మార్చే సూత్రంలో వేస్తే, వారం కిందట నాటిన నారులో కిలోల కొద్దీ నీరున్నట్లు వస్తుంది. ఇదే గుణాన్ని మంచికి వాడుకున్నవాళ్లూ ఉన్నారు. ఎల్‌ఎస్‌డబ్ల్యూఐకి 0.05 కలిపితే అది పచ్చదనాన్ని కొలిచే సూచికలైన ఎన్‌డీవీఐని గానీ ఈవీఐని గానీ అందుకున్న రోజులే నీరు కట్టి నాట్లు వేసిన రోజులని షావ్ అనే పరిశోధకుడి బృందం చూపించింది. వరి విస్తీర్ణం పటాలకు ఆ నియమం నేటికీ వాడుతున్నారు. నీటి పరిమాణం కావాలంటే మాత్రం ఆకులు మడిని పూర్తిగా కప్పేసే దాకా ఆ విలువలను పక్కన పెట్టేయడమే మంచిది. మెట్ట పైర్లలోనూ ఇదే ఇబ్బంది చిన్న స్థాయిలో ఉంటుంది. వాన పడ్డ మర్నాడు తడి మట్టి స్విర్‌లో నల్లబడుతుంది. సాళ్ల మధ్య నేల కనిపించినంత కాలం ఆ నలుపు పైరు ఖాతాలో పడుతుంది.

పైరు పెద్దదయ్యాక ఇంకో చిక్కు ఎదురవుతుంది. ఎన్‌డీవీఐ ఎల్‌ఏఐ 3 దాటాక దాదాపు పెరగడం మానేస్తుంది. ఎన్‌డీఎంఐ అంతకంటే ఎక్కువ దూరం వస్తుంది. 2002లో అమెరికాలోని అయోవాలో మొక్కజొన్న, సోయాబీన్ మీద జరిగిన ఎస్‌మెక్స్02 ప్రయోగంలో ఇది స్పష్టంగా తేలింది. అదే ప్రయోగంలో రెండు పంటలకు రెండు వేర్వేరు సమీకరణాలు కట్టాల్సి వచ్చింది. కారణం కాండం. మొక్కజొన్నలో నీటిలో పెద్ద భాగం కాండంలోనూ కంకిలోనూ ఉంటుంది. స్విర్ కాంతి పై ఆకుల్లోనే ఆగిపోతుంది కాబట్టి కాండంలోని నీటిని ఉపగ్రహం చూడటం లేదు. ఆకును బట్టి కాండాన్ని మనం ఊహిస్తున్నాం. ఏ పంటకు ఆ పంటకు ఆ ఊహ మారుతుంది, ఒకే పంటలో దశను బట్టీ మారుతుంది. కంకి వేయక ముందు, గింజ గట్టిపడేటప్పుడు ఎన్‌డీఎంఐ ఒకటే ఉండొచ్చు, నీరు మాత్రం ఒకటి కాదు. విత్తిన తేదీ లేకుండా ఒక్క రోజు చిత్రంతో కిలోలు చెప్పడం సాహసమే.

సూచికలకు బదులు ప్రోసెయిల్ అనే నమూనాను వాడే మార్గమూ ఉంది. ఆకు నీటి మందం, పచ్చదనం, ఎల్‌ఏఐ, నేల రంగు లాంటివి మార్చుతూ వేల వర్ణపటాలు తయారుచేసి, ఉపగ్రహం చూసినదానికి దగ్గరగా ఉన్నవాటిని వెతుకుతుంది. పలుచటి ఆకులు ఎక్కువున్నా, మందపాటి ఆకులు తక్కువున్నా ఒకేలాంటి వర్ణపటం రావచ్చు. అందుకే ఆకు నీటి మందం విడిగా నిలకడగా రాదు, ఎల్‌ఏఐతో గుణించిన మొత్తం నయంగా వస్తుంది. సెంటినెల్ చిత్రాలకు వాడే స్నాప్ సాఫ్ట్‌వేర్‌లోని బయోఫిజికల్ ప్రాసెసర్ ఇచ్చేది కూడా ఆ గుణకారాన్నే. అది ఆకుల నీరే, కాండం అందులో లేదు. దాన్ని వీడబ్ల్యూసీ అనుకుని తూకాలతో పోలిస్తే ఎప్పుడూ తక్కువే కనిపిస్తుంది.

రాడార్: మబ్బును దాటి, కాండం దాకా

మైక్రోవేవ్‌ల దగ్గర నీటికీ ఎండు పదార్థానికీ మధ్య తేడా చాలా పెద్దది. మైక్రోవేవ్‌లకు ఒక పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పేది డైఎలక్ట్రిక్ విలువ. ఎండు మొక్కకు అది ఒకటి నుంచి ఐదు లోపు ఉంటే, నీటిది 80 దాకా ఉంటుంది. అందుకే తిరిగొచ్చే రాడార్ సంకేతం పైరులోని నీటికి బాగా స్పందిస్తుంది. మబ్బులు అడ్డు కావు. యూరప్ వారి రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 తరంగదైర్ఘ్యం 5.5 సెంటీమీటర్లు. అది నిలువుగా కంపించే తరంగాన్ని పంపుతుంది. తిరిగొచ్చిన దాంట్లో అడ్డంగా కంపించేది వీహెచ్, నిలువుగా కంపించేది వీవీ. ఈ రెండు సంకేతాల నిష్పత్తి చాలా పంటల్లో పైరుతో పాటు పెరుగుతుంది, నేల తేమ ప్రభావాన్ని కొంతవరకు రద్దు చేస్తుంది. అయినా కళ్లు మూసుకుని నమ్మేందుకు లేదు. గోధుమ కాడలు నిటారుగా లేచే దశలో వీవీ సంకేతాన్ని మింగేస్తాయి. నీరు పెరుగుతుంటే వీవీ తగ్గుతుంది.

దీన్ని విడదీయడానికి 1978లో అటెమా, ఉలాబీ ప్రతిపాదించిన వాటర్ క్లౌడ్ నమూనా ఇప్పటికీ పనిచేస్తోంది. పైరు నుంచి నేరుగా తిరిగొచ్చేది ఒక భాగం. నేల నుంచి వచ్చి, పైరు గుండా రెండుసార్లు వడపోసుకుని బయటపడేది రెండో భాగం. పైరుకు సంబంధించి రెండు గుణకాలు ఉంటాయి. వాటిని పంటకొక జత చొప్పున నేల మీది తూకాలతోనే కట్టాలి. వేరే చోట వేరే రకానికి కట్టినవి తెచ్చి పెట్టుకుంటే ఫలితం నమ్మలేం.

రాడార్ చిత్రంలో మచ్చలు సహజం కాబట్టి చేను మొత్తానికీ సగటు తీసుకుంటాం. ఆ సగటు డెసిబెల్స్‌లో తీయకూడదు. ఒక పిక్సెల్ మైనస్ 10, ఇంకోటి మైనస్ 20 అనుకోండి. డెసిబెల్స్‌లో సగటు మైనస్ 15. అసలు శక్తి విలువలు 0.1, 0.01. వాటి సగటు 0.055, అంటే దాదాపు మైనస్ 12.6. రెండున్నర డెసిబెల్స్‌కు దగ్గరి తప్పు, పైరు ఒక దశ నుంచి మరో దశకు వెళ్లినంత మార్పు. ఇంకో జాగ్రత్త: వేర్వేరు కక్ష్యల నుంచి వచ్చిన చిత్రాలను ఒకే వరుసలో కలపొద్దు. చూసే కోణం మారగానే విలువ మారుతుంది, మీకు పైరు ఊగిసలాడినట్లు కనిపిస్తుంది. ఉదయం ఆరు ప్రాంతంలో దాటే పాస్‌లో మంచు, వాన చుక్కలు ఆకుల మీదుంటే అవీ పైరు నీరుగానే లెక్కలోకి వస్తాయి.

దట్టమైన పైరులో 5.5 సెంటీమీటర్ల తరంగం పైనే ఆగిపోతుంది. లోతుకు వెళ్లాలంటే పొడవాటి తరంగం కావాలి. 2025 జులై 30న నింగికెగిసిన భారత్, అమెరికాల రాడార్ ఉపగ్రహం నైసార్‌లో సుమారు 24 సెంటీమీటర్ల ఎల్ బ్యాండ్, 9 సెంటీమీటర్ల ఎస్ బ్యాండ్ రెండూ ఉన్నాయి. 12 రోజులకోసారి అదే కోణంతో అదే చోటికి వస్తుంది. మొక్కజొన్న, చెరకు లాంటి బలమైన పైర్లకు ఆశ పెట్టుకోదగ్గది ఇదే.

2015 నుంచి తిరుగుతున్న నాసా ఉపగ్రహం స్మాప్ దారి వేరు. అది నేల తనంతట తాను వెలువరించే మైక్రోవేవ్‌లను 1.41 గిగాహెర్ట్జ్ దగ్గర వింటుంది. పైరు నీరు ఆ సంకేతానికి తెరలా అడ్డుపడుతుంది. ఆ తెర మందం వీడబ్ల్యూసీని ఒక గుణకంతో గుణిస్తే వస్తుంది. చాలా పంటలకు ఆ గుణకం 0.12 దగ్గర్లో ఉంటుంది. చదరపు మీటరుకు 4 కిలోల నీరుంటే తెర మందం 0.48. స్మాప్ చూసే 40 డిగ్రీల కోణంలో నేల సంకేతంలో 53 శాతమే బయటపడుతుంది. అందుకే 5 కిలోలు దాటిన చోట అది చెప్పే నేల తేమకు భరోసా లేదు. దాని పిక్సెల్ కిలోమీటర్లలో ఉంటుంది కాబట్టి చేను స్థాయి ప్రశ్నలకు పనికిరాదు.

నేల మీది తూకం

ఇంతవరకూ చెప్పిన ఏ పద్ధతైనా నేల మీది తూకం ఎంత నిజమో అంతే నిజం. చేను కనీసం 60 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు ఉండాలి. అప్పుడే గట్టు, దారి, పక్క పంట కలవని పిక్సెల్ ఒకటైనా మధ్యలో దొరుకుతుంది. సెంటినెల్-2 ఉదయం పదిన్నర ప్రాంతంలో దాటుతుంది. ఆ రోజే, ఆ వేళకు దగ్గరగా కోయాలి. ఒక్కో చేనులో మూడు నుంచి ఐదు చోట్ల, ప్రతి చోట పక్కపక్క రెండు సాళ్లలో మీటరు పొడవు చొప్పున, నేల మట్టానికి కోయాలి. సాళ్ల ఎడం 60 సెంటీమీటర్లయితే కోసిన నేల 1.2 చదరపు మీటర్లు. అందులోని నీరు 3.3 కిలోలు తేలితే చదరపు మీటరుకు 2.75. మీటరు కోశాం కదా అని ఒకటితో భాగించేయడం చాలా డేటాలో కనిపించే తప్పు.

కోసిన వెంటనే పాలిథీన్ సంచిలో వేసి మూతి బిగించి, ఐస్ పెట్టెలో పెట్టాలి. ఎండలో గంట వదిలేస్తే ఆకులు వాడిపోతాయి, పోయిన నీరు ఇక లెక్కలోకి రాదు. సంచి లోపలి గోడలకు పట్టిన చెమ్మ కూడా మొక్కదే, కాబట్టి సంచితో సహా తూచి సంచి బరువు తీసేయాలి. ఆకు, కాండం, కంకి విడదీసి, లావు కాండాలను నిలువునా చీల్చి, కాగితపు సంచుల్లో 70 డిగ్రీల ఓవెన్‌లో పెట్టాలి. ఆకులకు 48 గంటలు సరిపోతాయి. మొక్కజొన్న కాండానికి ఎక్కువే పడుతుంది. వరుసగా రెండు తూకాలు ఒకటే వచ్చేదాకా తీయకూడదు. కాగితపు సంచి కూడా ఓవెన్‌లో తేమ కోల్పోతుంది. ఆరిన సంచి బరువే తీసేయాలి.

చివరిగా, సమీకరణం కట్టాక దాన్ని పరీక్షించే తీరు. ఒకే చేనులోని నమూనాల్లో కొన్నింటితో కట్టి మిగతావాటితో పరీక్షిస్తే ఫలితం ముచ్చటగా వస్తుంది. పక్కపక్క పిక్సెళ్లు ఒకే మట్టి, ఒకే విత్తనం, ఒకే నీటి తడి పంచుకున్నవి కదా. చేలను చేలుగానే విడదీయాలి. కొన్ని చేలతో కట్టి, అసలు చూడని చేల మీద పరీక్షించాలి. వీలైతే ఒక ఏడాది డేటాతో కట్టి ఇంకో ఏడాది మీద చూడాలి. తప్పును సీజన్ మొత్తానికి ఒకే అంకెగా కాకుండా పంట దశల వారీగా చదరపు మీటరుకు కిలోల్లో చెప్పాలి. లేత దశలో అర కిలో తప్పు అంటే అంచనా మొత్తం పోయినట్లే. కంకి దశలో అదే అర కిలో చాలా పనులకు సరిపోతుంది.